ముందు చేతికి, తర్వాత నోటికి: చిన్నపిల్లలకు అయస్కాంతం పాఠం

తెలుగు సాహితీ క్లబ్ పత్రికలో అయస్కాంతాల మీద వ్యాసం ఏంటి, ఇది టెక్నికల్ క్లబ్ వాళ్ళు వేసుకోవాల్సింది కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ వ్యాసంలో సగం ఫిజిక్స్ అయితే మిగతా సగం మాటల గురించే. ఒక మాట పిల్లల బుర్రలోకి ఎప్పుడు వెళ్తుంది, ఎప్పుడు నోటి దగ్గరే ఆగిపోతుంది అన్నదే ఇక్కడ నేను చెప్పాలనుకుంటున్న సంగతి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన కాలేజీ వాలంటీర్ గ్రూపు తరఫున నెలకు రెండు శనివారాలు చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలకు వెళ్తున్నాం. 3, 4, 5 తరగతుల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి, గంటన్నర సేపు ఏదో ఒక సైన్సు సంగతి చేతులతో చేయిస్తాం. ఈ ఏడాది మూడు స్కూళ్ళలో అయస్కాంతం పాఠం చెప్పే పని నాకు వచ్చింది. వచ్చే ఏడాది జూనియర్స్ ఎవరైనా ఈ పాఠం తీసుకుంటే పనికొస్తుందని వరుసగా రాస్తున్నా. ఇంట్లో తమ్ముడో, చెల్లో, మేనకోడలో ఉన్నవాళ్ళు ఆదివారం పూట ఇంట్లోనే చేయించవచ్చు.

"లైక్" అంటే ఏంటి?

ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటోంది. ఒక స్కూల్లో నాలుగో తరగతి పిల్లలు అయస్కాంతం గురించి తమకు వచ్చింది నాకు గడగడా అప్పజెప్పారు: "లైక్ పోల్స్ రిపెల్, అన్‌లైక్ పోల్స్ అట్రాక్ట్." ఒక్క అక్షరం తప్పు పోలేదు. అంటే ఏంట్రా అని అడిగితే ఒక అబ్బాయి ధైర్యంగా లేచి చెప్పాడు: "ఇష్టమైనవి దూరం పోతాయన్నా, ఇష్టం లేనివి దగ్గరికి వస్తాయి."

ఆలోచిస్తే వాడి లాజిక్కులో లోపం ఏమీ లేదు. వాడికి తెలిసిన ఇంగ్లీషులో "లైక్" అంటే ఇష్టమే. సెల్‌ఫోన్‌లో బొటనవేలు గుర్తు నొక్కితే వచ్చేది అదే కదా. ఆ మాటకి "ఒకే రకమైన" అనే ఇంకో అర్థం ఉందని వాడికి ఎవరు చెబుతారు?

అయితే ఎదురు పేజీలోని తెలుగు చదివిద్దాం అనుకుంటాం. అక్కడ "సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి" అని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి సజాతి, విజాతి, వికర్షణ, ధ్రువం, నాలుగూ కొత్త మాటలే. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు కూడా ఈ నాలుగు మాటలూ పాఠం కోసం నేర్చుకునేదాకా తెలీవు. అంటే ఇది ఇంగ్లీషా, తెలుగా అన్న గొడవ కాదు. అనుభవం లేకుండా ముందే వచ్చిన మాట ఏ భాషలో ఉన్నా ఒక్కటే. నోటికి వస్తుంది, అక్కడే ఉంటుంది.

కాబట్టి మేము పెట్టుకున్న వరుస ఇది. ముందు చేతికి తెలియాలి. తర్వాత పిల్లలు తమ సొంత మాటల్లో చెప్పాలి: లాగింది, తోసేసింది, అంటుకుంది, జారిపోయింది. పుస్తకం మాట అన్నిటికంటే చివర. అదికూడా ఆ మాట లేకపోతే పని జరగదు అని వాళ్ళకే అనిపించినప్పుడు.

కావాల్సిన సామాన్లు

నాలుగు దండాయస్కాంతాలు, అంటే బార్ మాగ్నెట్లు. స్కూల్ ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతాయి. వాటి మీద ఎరుపు, నీలం రంగులూ, ఎన్, ఎస్ అక్షరాలూ ఉంటాయి. వాటిని కాగితంతో చుట్టేసి టేపు వేయండి. ఎందుకో తర్వాత చెప్తా.

పాత స్పీకర్లలోంచి తీసిన రింగు మాగ్నెట్లు నాలుగైదు. రేడియో, టీవీ రిపేరు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు.

గుండుసూదులు ఒక డబ్బా, దారం, బొట్టుబిళ్ళల ప్యాకెట్ ఒకటి, కుట్టుసూది, థర్మోకోల్ ముక్క, ప్లాస్టిక్ టబ్బు, ఒక వెల్లుల్లి రెబ్బ. చివరిది నిజంగానే కావాలి.

ఇక అంటుకుంటుందో లేదో చూడటానికి వస్తువులు. ఇవి మనం తీసుకెళ్ళకూడదు. పిల్లల దగ్గర ఉన్నవే బయటికి తీయమనాలి. పిన్నీసు, జడక్లిప్పు, పెన్ను స్ప్రింగు, గాజులు, కాలి పట్టీలు, తాళంచెవి, చాక్‌పీసు, రబ్బరు, టిఫిన్ డబ్బా, స్పూను, నాణేలు, కూల్‌డ్రింక్ సీసా మూత. ఐదు నిమిషాల్లో మనం ఊహించనన్ని వస్తువులు బల్ల మీద పడతాయి.

మొదటి ఆట: ముందు పందెం, తర్వాత పరీక్ష

పిల్లల్ని నాలుగు గ్రూపులుగా చేసి, నేల మీద చాక్‌పీసుతో రెండు గళ్ళు గీయమంటాం. ఒకటి "అంటుకుంటుంది", ఇంకోటి "అంటుకోదు". మాగ్నెట్ ఇంకా చేతికి ఇవ్వం. ముందు ఊహించి, ప్రతి వస్తువునీ ఏదో ఒక గడిలో పెట్టాలి. పెట్టాక మార్చకూడదు.

ఈ ఊహ దశని మాత్రం దాటేయకండి. ముందే మాగ్నెట్ ఇచ్చేస్తే పిల్లలు టకటకా అంటించుకుంటూ పోతారు, అంతా సరదాగానే ఉంటుంది, కానీ ఏదీ ఆశ్చర్యం అనిపించదు. పందెం కాసినవాడికే ఫలితం మీద ఆసక్తి ఉంటుంది. క్రికెట్ మ్యాచ్ చూసేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మూడు స్కూళ్ళలోనూ దాదాపు అందరూ ఒకేలా ఊహించారు. మెరిసేవన్నీ "అంటుకుంటుంది" గడిలోకి, మెరవనివన్నీ రెండో గడిలోకి వెళ్ళాయి. అంటే వాళ్ళ మనసులో ఉన్న రూలు "లోహాలన్నీ అంటుకుంటాయి" అని. ఇప్పుడు మాగ్నెట్ చేతికి ఇస్తే ఆ రూలు ఒక్కొక్కటిగా విరుగుతుంది. వెండి పట్టీలు అంటుకోవు. ఇత్తడి తాళంచెవి అంటుకోదు. రాగి తీగ, అల్యూమినియం గిన్నె మూత అంటుకోవు. ఇప్పుడు మామూలుగా దొరికే 1, 2 రూపాయల నాణేలు అంటుకుంటాయి, 10 రూపాయల నాణెం మాత్రం అంటుకోదు. "పెద్ద డబ్బులకి పొగరన్నా" అని ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు, ఆ సంగతి ఇక మర్చిపోరు.

అసలు గొడవ స్టీలు దగ్గర వస్తుంది. ఒక గ్రూపు టిఫిన్ డబ్బాకి అంటుకుంటుంది, ఇంకో గ్రూపుది అంటుకోదు. రెండూ స్టీలే. "మీ మాగ్నెట్ పాడైంది" అని ఒకరంటే, మాగ్నెట్లు మార్చుకుని చూస్తారు. మళ్ళీ అదే ఫలితం. ఇలా మార్చి చూడాలి అని మేం ఎవరూ చెప్పలేదు. వాళ్ళకే తట్టింది. మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగ్ చేశారు.

దీని వెనక కారణం పిల్లలకి కాదు గానీ, మనకి తెలిసి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఒకే రకం కాదు. ఇనుములో క్రోమియం మాత్రమే ప్రధానంగా కలిపిన రకాలు అయస్కాంతానికి అంటుకుంటాయి. దానికి తోడు నికెల్ కూడా తగినంత కలిపితే లోపల పరమాణువులు అమరే పద్ధతి మారిపోయి అంటుకోవడం దాదాపు పోతుంది. తమాషా ఏంటంటే, విడిగా చూస్తే నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహమే. ఇనుము, నికెల్, కోబాల్ట్, ఈ మూడే మామూలుగా మనకు తగిలే అలాంటి లోహాలు. రెండు అంటుకునేవి కలిస్తే అంటుకోనిది రావడం ఇంజనీరింగ్ పిల్లలకి కూడా ఆలోచించదగ్గ విషయమే. ఇండక్షన్ స్టవ్ కొన్నవాళ్ళు గిన్నె అడుగున మాగ్నెట్ పెట్టి చూసేది కూడా ఇందుకే.

ఈ ఆటకి హోంవర్క్ కూడా ఉంది. మాగ్నెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్కూలు ఆవరణ మట్టిలో తిప్పమనండి. కవరుకి సన్నని నల్ల రేణువులు అంటుకుని వస్తాయి. కవరు తిరగేసి మాగ్నెట్ బయటికి తీస్తే అవన్నీ కాగితం మీద రాలతాయి. భీమిలి వైపు బీచ్‌లో నల్ల ఇసుక చారలు చూసే ఉంటారు. అక్కడైతే గుప్పెళ్ళు దొరుకుతాయి. ఇనుము షాపులోనే కాదు, కాళ్ళ కింద కూడా ఉందని పిల్లలకి తెలియడం బాగుంటుంది. తర్వాత ఆటలకి ఇనుప రజను కొనే పని కూడా తప్పుతుంది. కాగితం కింద మాగ్నెట్ పెట్టి, పైన ఆ నల్ల రేణువులు చల్లి మెల్లగా తడితే గీతలు గీతలుగా సర్దుకుంటాయి.

వెల్లుల్లి పరీక్ష

వెల్లుల్లి రాస్తే అయస్కాంతం శక్తి పోతుందని ఐరోపాలో వందల ఏళ్ళు నమ్మారు. గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా అలాగే రాశాడు. పెద్దవాళ్ళు రాశారు, అందరూ చదివారు, అందరూ మళ్ళీ రాశారు. ఇటలీలో డెల్లా పోర్టా, ఇంగ్లండులో విలియం గిల్బర్ట్ లాంటివాళ్ళు నిజంగా వెల్లుల్లి తెచ్చి రాసి చూసేదాకా ఆ మాట అలా నడుస్తూనే ఉంది. గిల్బర్ట్ పుస్తకం అచ్చయింది 1600లో.

ఈ కథ పిల్లలకి చెప్పి, చివర మాత్రం చెప్పకుండా ఆపేయండి. "పోతుందా, పోదా? మీరే చూడండి." ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ దగ్గరికి పరిగెత్తి ఒక పాప రెబ్బ తెచ్చింది. "ఎందుకే?" అని ఆయమ్మ కూడా చూడటానికి వచ్చింది.

పద్ధతి సులువు. మాగ్నెట్‌ని గుండుసూదుల కుప్పలో ముంచి తీసి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. తర్వాత వెల్లుల్లి రసం బాగా రుద్ది మళ్ళీ ముంచాలి. ఆ రోజు ఒక గ్రూపుకి మొదట 23 సూదులు వచ్చాయి, వెల్లుల్లి తర్వాత 21. వెంటనే "తగ్గింది, తగ్గింది" అని అరుపులు. పక్క గ్రూపుకి 19 నుంచి 22కి పెరిగింది. వాళ్ళు "పెరిగింది" అని అరిచారు. ఇప్పుడు ఎవరిది నిజం?

నేను నోరు మెదపలేదు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె "వెల్లుల్లి లేకుండానే రెండుసార్లు చేస్తే ఒకే లెక్క వస్తుందా అన్నా?" అని అడిగింది. చేశారు. రాలేదు. ఒకసారి 20, ఇంకోసారి 24. అంటే ఏమీ మార్చకపోయినా లెక్క ఇటూ అటూ ఊగుతోంది. అప్పుడు ఒక్కో రకానికి ఐదుసార్లు చేసి, బోర్డు మీద రెండు వరుసలుగా రాశారు. రెండు వరుసలూ ఒకేలా ఉన్నాయి. వెల్లుల్లి వాసన తప్ప ఏ తేడా లేదు.

ఎంత పెద్దవాళ్ళు రాసినా చూసి నమ్మాలి అన్నది ఇందులో ఒక పాఠం. ఒక్కసారి చూసి నమ్మకూడదు అన్నది రెండోది. మన ల్యాబ్ రికార్డుల్లో రీడింగులు ఎలా పుడతాయో మనకు తెలుసు కాబట్టి, ఈ రెండో పాఠం గురించి నేను ఎక్కువ మాట్లాడను.

బొట్టుబిళ్ళల తగాదా

ఇప్పుడు ప్రతి గ్రూపుకీ రెండో మాగ్నెట్ ఇస్తాం. ముందు రింగులు. పెన్సిల్‌ని నిలబెట్టి దానికి రెండు రింగులు తొడిగితే, ఒకవైపు పెడితే టక్కున అతుక్కుంటాయి, తిరగేసి పెడితే పై రింగు గాల్లో ఆగిపోతుంది. వేలితో నొక్కితే మెత్తగా ఎదురు తోస్తుంది. మూడో రింగు, నాలుగో రింగు కూడా తేలుతాయి. అరవింద్ గుప్తా పేరు మీరు వినే ఉంటారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్త సామాన్లతో సైన్సు బొమ్మలు చేయించడమే పనిగా పెట్టుకున్న మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చూపించిన గాల్లో తేలే పెన్సిల్ బొమ్మ కూడా ఇలాంటి రింగులతోనే. వీలైతే అది కూడా చేయించండి.

ఈ తోపుడు చేతికి తెలియడం ముఖ్యం. అంటుకోవడం పిల్లలకి ముందే తెలుసు. కంటికి ఏమీ కనపడకుండా ఏదో చేతిని తోయడం మాత్రం కొత్త. మొదటిసారి ఆ ముఖాలు చూడాల్సిందే.

తర్వాత కాగితం చుట్టిన దండాయస్కాంతాలు గ్రూపుకి ఒకటి చొప్పున. ఒక కొసకి బొట్టుబిళ్ళ అంటించమంటాం. ఏ కొసకి అంటే, మీ ఇష్టం. ఇప్పుడు రెండు గ్రూపులు దగ్గరికి వచ్చి చూడాలి: బొట్టు కొస, బొట్టు కొస కలిస్తే ఏమవుతుంది?

ఇక్కడే తగాదా మొదలు. ఒకటో గ్రూపు, రెండో గ్రూపు బొట్లు తోసుకుంటాయి. ఒకటో గ్రూపు, మూడో గ్రూపు బొట్లు అతుక్కుంటాయి. ఒకరు "బొట్టూ బొట్టూ తోసుకుంటాయి" అంటారు, ఇంకొకరు "కాదు, లాక్కుంటాయి" అంటారు. ఇద్దరూ కళ్ళతో చూసిందే చెబుతున్నారు.

ఒక స్కూల్లో ఈ ముడి విప్పింది మూడో తరగతి పాప. తనకి ఇంకా చదవడం సరిగ్గా రాదు. రెండు భాషల్లో ఏ పేజీ చదవమన్నా తల దించుకుంటుంది. అందుకే చివరి వరసలో కూర్చోబెట్టారు. ఆ పాప లేచి నాలుగు గ్రూపుల దగ్గరికీ తిరిగి చూసి వచ్చి, మూడో గ్రూపు వాళ్ళతో, "మీరు బొట్టు అటు కొసకి పెట్టారు, అందుకే. తీసి ఇటు పెట్టండి" అంది. మార్చి చూస్తే అన్ని బొట్లూ తోసుకున్నాయి. క్లాసంతా కాసేపు గమ్మునైపోయింది. మాటలు చదవలేని పిల్ల సజాతి ధ్రువాల నియమాన్ని ఎవరూ చెప్పకుండా పట్టుకుంది. అదే రోజు పుస్తకంతో మొదలుపెట్టి ఉంటే ఆ పాపకి ఇది తెలుసని టీచర్‌కీ, మాకూ, బహుశా ఆ పాపకీ తెలిసేది కాదు.

అక్షరాలు కనపడకుండా కాగితం చుట్టమన్నది ఇందుకే. ఎన్, ఎస్ అని ముందే రాసి ఉంటే ఈ తగాదానే రాదు.

పేరు ఎప్పుడు పెట్టాలి?

ఇప్పుడు నేను అడిగే ప్రశ్న: "ఈ స్కూల్లో నాలుగు గ్రూపులు కూర్చుని మాట్లాడుకున్నాయి, సరిపోయింది. పక్క ఊరి స్కూలు వాళ్ళు వాళ్ళ మాగ్నెట్‌కి ఏ కొసకి బొట్టు పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఫోన్ చేసి చెప్పాలి, ఏమని చెబుతారు?"

కాసేపు ఎవరికీ ఏమీ తోచదు. తోచకూడదు కూడా. అప్పుడు దారం ఇచ్చి, మాగ్నెట్‌ని మధ్యలో కట్టి అడ్డంగా వేలాడదీయమంటాం. ఊగి ఊగి ఆగుతుంది. ఒక్కో గ్రూపు ఒక్కో మూల వేలాడదీసినా, మా స్కూల్లో బొట్టు కొసలన్నీ వాటర్ ట్యాంకు వైపే తిరిగాయి. ఒక గ్రూపుది తప్ప. వాళ్ళు కిటికీ ఇనుప చువ్వ దగ్గర కట్టారు. దాన్ని కూడా పిల్లలే కనిపెట్టి వరండాలోకి మార్చారు. ఇనుప బెంచీలు, కిటికీలు, మిగతా మాగ్నెట్లు దూరంగా ఉండాలి, గాలి తగలకూడదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

పొద్దున సూర్యుడు వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు ఉత్తరం. ట్యాంకు అటే ఉంది. మరి పక్క ఊరికి "ట్యాంకు వైపు తిరిగే కొస" అని చెబితే కుదరదు, వాళ్ళ ట్యాంకు ఎక్కడుందో. "ఉత్తరం వైపు తిరిగే కొస" అని చెప్పాలి. అదిగో, ఉత్తర ధ్రువం అనే మాట ఇప్పుడు పుట్టింది. అవసరం వచ్చింది, మాట వచ్చింది. ఈ నిమిషంలో బోర్డు మీద ఆ మాట రాస్తే ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. ఆ వెంటనే సజాతి, విజాతి, ఆకర్షణ, వికర్షణ, వాటి పక్కనే ఇంగ్లీషు మాటలు కూడా రాసేస్తాం. ఐదు నిమిషాల పని. "లైక్" అంటే ఇక్కడ ఇష్టం కాదు, ఒకేలాంటివి అని ఇప్పుడు చెబితే ఆ అబ్బాయే తల కొట్టుకుని నవ్వాడు.

సీఎస్ వాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతుంది. ఇది ప్రోటోకాల్. ఏ కొసకి ఏ పేరన్నది మన ఒప్పందం, తోసుకోవడం మాత్రం ప్రకృతి. చైనాలో షెన్ కువో 1088 ప్రాంతంలో, అయస్కాంతంతో రుద్దిన సూది దిక్కు చూపిస్తుందని రాశాడు. చైనా వాళ్ళు దాన్ని దక్షిణం చూపే సూది అనేవాళ్ళు. సూదికి రెండు కొసలు ఉన్నాయి కదా, వాళ్ళు రెండో కొస పేరు ఎంచుకున్నారు, అంతే.

తెలివైన పిల్లలు ఎవరో ఒకరు ఇక్కడ మెలిక పెడతారు: "ఒకేలాంటివి తోసుకుంటాయి అన్నారు, మరి ఉత్తర కొస ఉత్తరానికి ఎందుకు పోతుంది?" మంచి ప్రశ్న. భూమే ఒక పెద్ద అయస్కాంతంలా పనిచేస్తుందని గిల్బర్ట్ అదే 1600 నాటి పుస్తకంలో వాదించాడు. గుండ్రంగా చెక్కిన అయస్కాంతపు రాయి చుట్టూ చిన్న సూది తిప్పి, భూమి మీద సూదిలాగే అదీ ప్రవర్తిస్తుందని చూపించాడు. మన ఉత్తర కొసని లాగుతోంది కాబట్టి, భూమికి ఉత్తరం వైపు ఉన్నది అయస్కాంతం లెక్కలో దక్షిణ ధ్రువం రకం. పిల్లలకి ఇంతవరకు చాలు.

సూదంటురాయి

పాఠం మధ్యలో పది నిమిషాలు మాటలకి కేటాయించండి, మనం సాహితీ క్లబ్ కదా. తెలుగులో అయస్కాంతానికి ఇంకో పేరు సూదంటురాయి. పిల్లల్నే విడగొట్టమనండి: సూది, అంటు, రాయి. సూదిని అంటించుకునే రాయి. డిక్షనరీ అక్కర్లేదు. అయస్కాంతం సంస్కృతం నుంచి వచ్చింది. అయస్సు అంటే ఇనుము, కాంత అంటే ప్రియమైనది. ఇనుముకి ప్రియమైన రాయి. కుమారసంభవంలో కాళిదాసు, పార్వతి అందం శివుడి మనసుని అయస్కాంతం ఇనుముని లాగినట్టు లాగాలని బ్రహ్మ చేత దేవతలకి చెప్పిస్తాడు. అంటే ఆ కాలానికే ఈ పోలిక వినేవాళ్ళకి అర్థమయ్యేంత మామూలు సంగతి అన్నమాట.

ఇక సూదితోనే తర్వాతి ఆట. మాగ్నెట్ ఒకే కొసతో, ఒకే దిక్కులో సూదిని 40 సార్లు రుద్దాలి. ప్రతిసారీ చివర మాగ్నెట్‌ని పైకెత్తి మళ్ళీ మొదటికి రావాలి, వెనక్కి రుద్దకూడదు. ఆ సూదిని థర్మోకోల్ ముక్కకి గుచ్చి ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళ మీద వదిలితే మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా ఆగుతుంది. దిక్సూచి తయారు. సూది పని మాత్రం మనమే చేయాలి, లెక్కపెట్టే పని పిల్లలది.

రుద్దితే సూది ఎందుకు మారింది? దీనికి పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టండి. ఒక్కొక్కరూ ఒక బుల్లి అయస్కాంతం, కుడి చెయ్యి చాచింది ఉత్తర కొస. ముందు ఎవరికి ఇష్టం వచ్చిన వైపు వాళ్ళు చాచాలి. ఇది మామూలు సూది, అందరూ లాగుతున్నారు గానీ ఒకరిది ఒకరికి కొట్టుకుపోతోంది. ఇప్పుడు ఒకరు మాగ్నెట్ వేషంలో వరస పక్కనుంచి నడుస్తూ పోతే, తను దాటగానే ప్రతివాళ్ళూ అటు తిరగాలి. అందరి చేతులూ ఒకే వైపు. ఇది అయస్కాంతమైన సూది. "భూకంపం" అని అరిస్తే మళ్ళీ చెల్లాచెదురు. అయస్కాంతాన్ని పదేపదే కింద పడేస్తే, బాగా వేడి చేస్తే బలం తగ్గేది ఇందుకే. నిజానికి లోపల తిరిగేవి చిన్నచిన్న ప్రాంతాలు, కాళ్ళూ చేతులూ ఉన్న పిల్లలు కాదు. కానీ ప్రేయర్ లైన్ తెలిసిన పిల్లలకి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. మన హార్డ్ డిస్కులో ఒకట్లు, సున్నాలు నిలిచేది కూడా ఇలాంటి బుల్లి ప్రాంతాలు ఎటు తిరిగి ఉన్నాయన్న దాని మీదే.

ఐదో తరగతి వాళ్ళకి టైము మిగిలితే, పూత ఉన్న రాగి తీగని ఇనుప మేకు చుట్టూ 50 చుట్లు చుట్టి, రెండు చివర్లూ గీకి, 1.5 వోల్టుల సెల్లుకి తగిలించండి. మేకు సూదుల్ని లేపుతుంది, తీగ తీసేస్తే చాలావరకు వదిలేస్తుంది. కరెంటుకీ అయస్కాంతానికీ చుట్టరికం ఉందని డెన్మార్క్‌లో ఓయర్‌స్టెడ్ చూపించింది 1820లో.

జాగ్రత్తలు

చిన్నచిన్న మెరిసే గుండ్రటి మాగ్నెట్లు, నియోడిమియంవి, చిన్నపిల్లల క్లాసుకి అస్సలు తీసుకెళ్ళకండి. రెండు మింగితే పేగుల్లో వేర్వేరు చోట్ల ఉండి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగు గోడ నలిగి చిల్లుపడుతుంది. అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. నల్లటి స్పీకర్ రింగులు, పెద్ద దండాయస్కాంతాలు వాడండి.

సెల్లు ప్రయోగంలో తీగ కొన్ని సెకన్లకే వేడెక్కుతుంది, ఎక్కువసేపు తగిలించి ఉంచొద్దు. గోడ ప్లగ్గు జోలికి ఎప్పుడూ వెళ్ళకూడదని పిల్లలతో మూడుసార్లు చెప్పించండి. పాఠం మొదలయ్యే ముందు, అయ్యాక సూదులు లెక్కపెట్టుకోండి. నేల మీద పడ్డవాటిని ఏరడానికి ఏం వాడాలో పిల్లలే చెబుతారు.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

"అయస్కాంతం అంటే ఏమిటి?" అని అడగొద్దు. దానికి జవాబు బట్టీలోంచి వస్తుంది. "ఎలా కనిపెడతావు?" అని అడగండి. మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 1972లో 16 స్కూళ్ళతో మొదలైన సైన్సు కార్యక్రమంలో పరీక్షల్లో కూడా ప్రయోగాలు పెట్టేవారు, పుస్తకం చూసి రాయనిచ్చేవారు. పిల్లలు చేయగలిగింది చూడాలన్నది వాళ్ళ పద్ధతి.

మేము చివర్లో అడిగే ప్రశ్న ఇది. మీరూ ప్రయత్నించండి. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు ఇనుప కడ్డీలు ఉన్నాయి. ఒకటి అయస్కాంతం, ఇంకోటి ఉత్త ఇనుము. గదిలో దారం లేదు, సూదులు లేవు, మూడో వస్తువే లేదు. ఏది అయస్కాంతమో ఎలా చెబుతారు? కొసకి కొస కలిపితే రెండూ అతుక్కుంటాయి, దానివల్ల ఏమీ తెలీదు.

ఈ పాఠం కిందటిసారి మూడో స్కూల్లో జరిగింది. వచ్చే నెల రెండో శనివారం ఇంకో స్కూలు ఉంది, ఇద్దరు మనుషులు తక్కువ పడుతున్నారు. తెలుగులో మాట్లాడగలిగి, జవాబు తెలిసినా నోరు మూసుకుని కూర్చోగలిగితే చాలు. ఇంట్లో పాడైపోయిన స్పీకర్ ఉంటే పట్టుకురండి.

జవాబు: ఒక కడ్డీ కొసని ఇంకో కడ్డీ సరిగ్గా మధ్యలో ఆనించాలి. దండాయస్కాంతానికి బలం కొసల్లో ఎక్కువ, నడుమ దాదాపు ఉండదు. గట్టిగా లాగితే, కొస ఆనించిన కడ్డీ అయస్కాంతం. లాగీ లాగనట్టు ఉంటే, మధ్యలో ఆనించుకున్నది అయస్కాంతం. మొదటి ఆటలో గుండుసూదులు మాగ్నెట్‌కి ఎక్కడ గుత్తులుగా వేలాడాయో గమనించిన పిల్లలు దీన్ని మనకంటే ముందే చెప్పేస్తున్నారు.